మోచేతుల్లో రాడ్డు, భుజాన ఇసుక సంచి: కసరత్తులో కొత్తదనం ఎలా తేవాలి

సోమవారం సాయంత్రం హనుమకొండలో ఏ జిమ్‌కు వెళ్లినా బెంచీ ఖాళీగా దొరకదు. అది ఛాతీ రోజు. మంగళవారం వీపు, బుధవారం భుజాలు, కాళ్ల రోజు వచ్చేసరికి సగం మందికి ఏదో ఒక పెళ్లి తగులుతుంది. ఏళ్ల తరబడి ఇదే వరుస. ఎత్తే బరువు పెరగడం ఎప్పుడో ఆగిపోతుంది, విసుగు మాత్రం పెరుగుతుంది. సరిగ్గా ఆ సమయానికే రబ్బరు బంతి మీద నిలబడి రాడ్డు ఎత్తుతున్న వీరుడెవరో ఫోనులో కనబడతాడు. మర్నాడు జిమ్‌లో అదే చేయబోయేవాడు ఒకడు తయారవుతాడు.

వింతగా ఉండడం వ్యాయామానికి అర్హత కాదు. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్నారంటే, చూడడానికి టికెట్టు కొన్న జనం ఎదురుగా ఉన్నారు. మీ ఎదురుగా లేరు. కొత్త వ్యాయామం చేర్చుకునే ముందు మీరు అడగవలసింది ఒక్కటే: నేను ఇప్పుడు చేస్తున్నవాటిలో లేనిది ఇందులో ఏముంది?

మామూలు వరుసను ఒకసారి ఈ కంటితో చూడండి. స్క్వాట్ (రాడ్డు వీపున పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని రాడ్డును పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును పట్టుకుని నిలబడడం) మూడింటిలోనూ బరువు రెండు వైపులా సమానం. పాదాలు ఉన్నచోటి నుంచి కదలవు. కడ్డీ చేతికి అనువుగా, గుండ్రంగా ఉంటుంది. ఇంటి దగ్గర బరువులు ఇంత మర్యాదగా ఉండవు. నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలు ఒక పక్కకే వేలాడుతుంది. బియ్యం సంచికి పిడి ఉండదు, పొట్టకు హత్తుకుని మెట్లెక్కాలి. కింద కూర్చుని పిల్లవాణ్ణి ఎత్తుకుంటే వాడితో సహా లేవాలి. అంటే మన వరుసలో నాలుగు లోట్లు ఉన్నాయి: బరువును ముందువైపు హత్తుకోవడం, ఒక పక్కే మోయడం, మోస్తూ నడవడం, బరువుతో నేల మీద నుంచి లేవడం. కింద చెప్పే వ్యాయామాల్లో ఎక్కువ భాగం ఈ లోట్లను పూడ్చేవే.

ఇవేవీ నిన్న మొన్న పుట్టినవి కావు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఒంటిచేతి స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం), ఒంటిచేతి క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజం దాకా, తర్వాత తల పైకి ఎత్తడం) పోటీలో భాగమే. నిలబడి రెండు చేతులతో రాడ్డును భుజాల నుంచి తల పైకి నెట్టే ప్రెస్ 1972 మ్యూనిక్ వరకు ఒలింపిక్ అంశంగా కొనసాగింది. నడుము వెనక్కి ఎంత వంగితే తప్పు అన్నది తేల్చలేక దాన్ని తీసేశారు.

ముందుగా కొన్ని నియమాలు

మామూలు స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ కనీసం ఆరు నెలలు సక్రమంగా చేసినవారికే ఈ వ్యాయామాలు. హెర్నియా, అదుపులో లేని రక్తపోటు, నడుము డిస్కు సమస్య ఉంటే ముందు డాక్టరును అడగండి, జిమ్ మిత్రుడిని కాదు.

ఒకసారి ఒక్కటే మొదలుపెట్టండి. ఉన్నవాటికి అదనంగా కాదు, ఉన్నదాని స్థానంలో. ముఖ్యమైన ఎత్తు ముగిశాక రెండో వ్యాయామంగా చేయండి. ఇంకో రెండు మూడుసార్లు చేయగలను అనిపించినప్పుడే సెట్టు (మధ్యలో ఆగకుండా వరుసగా చేసే విడత) ఆపండి. కొత్త కదలికలో ఊపిరి చాలకపోవడం కన్నా ముందే ఒళ్లు తీరు తప్పుతుంది. అది మీకు తెలియదు, పక్కవాడికి తెలుస్తుంది. అందుకే మొదటి వారం పక్క నుంచి వీడియో తీయించుకోండి.

జెర్చర్ స్క్వాట్

అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన ఎడ్ జెర్చర్ 1930లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఆయనకు స్క్వాట్ స్టాండు లేదు, రాడ్డును మోచేతి వంపుల్లో పెట్టుకుని లేచేవాడు. లోటు నుంచి పుట్టిన ఈ పద్ధతి, స్టాండ్లు వరుసగా నిలబడిన జిమ్‌లో కూడా చేయదగినది. ఒక్కటే ఎంచుకోమంటే నేను చెప్పేది ఇదే.

స్టాండు కొక్కేలను బొడ్డు ఎత్తులో, లేదా కొంచెం కిందుగా అమర్చండి. ఖాళీ రాడ్డుతోనే మొదలుపెట్టండి, మామూలు పెద్ద రాడ్డు 20 కిలోలు ఉంటుంది. నడిమధ్యలో మందపాటి తువ్వాలు చుట్టండి. రెండు మోచేతులను రాడ్డు కిందికి పోనిచ్చి, సరిగ్గా మడత పడేచోట దాన్ని నిలపండి. పిడికిళ్లు బిగించి గడ్డం వైపు తేండి, బొటనవేళ్లు మీ వైపు చూడాలి. రాడ్డు పొట్టకు ఆని ఉండాలి. ఊపిరి నిండుగా పీల్చి, పొట్టను గట్టిపరచి, లేచి రెండు అడుగులు వెనక్కి వేయండి.

పాదాలు భుజాల కన్నా కాస్త వెడల్పుగా, వేళ్లు కొద్దిగా బయటికి. కిందికి దిగేటప్పుడు మోచేతులు మోకాళ్ల మధ్యకు వెళ్లాలి, లేదా తొడలను తాకాలి. అక్కడ ఒక్క క్షణం ఆగి, మోచేతులను పైకి ఎత్తుతున్నట్టు భావిస్తూ లేవండి. రాడ్డు ముందు ఉంది కాబట్టి ఛాతీ వాలితే వెంటనే తెలిసిపోతుంది. వీపు పైభాగం, పొట్ట రెండూ మొద్దునిద్ర వీడతాయి. వీపు మీద రాడ్డు పెట్టుకుంటే భుజాలు నొప్పి పెట్టేవారికి ఇది మంచి మార్గం.

ఐదేసి చొప్పున మూడు సెట్లు చాలు. మీ మామూలు స్క్వాట్ బరువులో సగానికి చేరడానికి నెల రోజులు తీసుకోండి. మోచేతి మడతలో ఎర్రటి గీతలు పడతాయి, మొదటి రెండు వారాలు నొప్పీ ఉంటుంది. అది సహజం. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే మాత్రం సహజం కాదు. నరం నొక్కుకుంటోందని అర్థం. రాడ్డు జరపండి, తగ్గకపోతే ఆ రోజుకు మానేయండి. చేతులను మడుస్తూ చాపుతూ రాడ్డును ఆడించవద్దు, మోచేతి దగ్గరి స్నాయువు తట్టుకోలేదు.

ఇసుక సంచి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరప సీజన్‌లో హమాలీలు బస్తా ఎత్తే తీరును గమనించండి. ఒకడే కిందినుంచి గుంజి భుజాన వేసుకోడు. ఇద్దరు పట్టి లేపుతారు, మూడోవాడు వంగి వీపు పైభాగానికి తీసుకుంటాడు, బరువు ఒంటికి అతుక్కున్నాకే అడుగు వేస్తాడు. వాళ్లది జీవనం, మనది సాయంకాలపు సరదా. రెండూ ఒకటి కావు. కానీ బస్తా ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే నడుముకు అంత క్షేమం అనే సంగతి అక్కడ పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.

సంచి తయారీకి ఇసుక దొరకని ఊరు కాదు మనది. ఎక్కడో ఒకచోట ఇల్లు కడుతూనే ఉంటారు, అడిగి తెచ్చుకోండి. ముందు రెండు రోజులు ఎండలో ఆరబెట్టండి. తడి ఇసుక బరువు ఎక్కువ చూపిస్తుంది, సంచీని కుళ్లబెడుతుంది. పొడి ఇసుక లీటరు సుమారు 1.6 కిలోలు తూగుతుంది. అంటే 20 లీటర్ల పెయింటు బకెట్టు నిండితే 32 కిలోలకు దగ్గర. మందపాటి పాలిథిన్ కవర్లలో ఐదేసి కిలోలు పోసి, గాలి తీసేసి, మూతిని టేపుతో గట్టిగా చుట్టండి. ఈ పొట్లాలను నేసిన ప్లాస్టిక్ బియ్యం సంచిలో వేసి, దాన్ని ఇంకో సంచిలో దూర్చి, మూతి కుట్టండి. మిరపకాయలు నింపిన గోనె సంచి ఉచితంగా దొరికినా తీసుకోవద్దు. ఎన్నిసార్లు దులిపినా ఘాటు పోదు, హత్తుకున్న మొదటి సెట్టులోనే తుమ్ములు మొదలవుతాయి.

సంచిని పూర్తిగా బిగించి నింపవద్దు, మూడో వంతు ఖాళీ ఉంచండి. లోపల పొట్లాలు జారుతూ ఉండాలి, ఈ వ్యాయామం విలువంతా ఆ జారడంలోనే ఉంది. మొదటి బరువు మీ ఒంటి బరువులో పావు వంతు: 64 కిలోల మనిషికి 16. తక్కువ అనిపిస్తుంది. ఎత్తి చూశాక మాట్లాడండి.

సంచికి రెండు వైపులా పాదాలు పెట్టి నిలబడండి. మోకాళ్లు వంచి, తుంటిని వెనక్కి నెట్టి, వేళ్లను సంచి అడుక్కి పోనివ్వండి. కాళ్ల మధ్య నుంచి లేపి తొడల మీదికి తెచ్చుకుని, సగం కూర్చున్న భంగిమలో ఆగండి. ఇక్కడ పట్టు మార్చాలి. రెండు చేతులూ సంచి చుట్టూ పోనిచ్చి ఛాతీకి హత్తుకోండి. ఇప్పుడు తుంటిని ముందుకు గట్టిగా తోస్తూ లేస్తే సంచి భుజం వరకు వస్తుంది. కుడి భుజానికి ఒకసారి, ఎడమ భుజానికి ఒకసారి. దించేటప్పుడు వీరత్వం అక్కరలేదు, పాదాలకు దూరంగా ముందుకు వదిలేయండి. అందుకే దీన్ని మట్టి నేల మీదో, డాబా మీద పాత పరుపు వేసో చేయాలి. టైల్స్ మీద అస్సలు వద్దు.

ఒక్కో భుజానికి మూడుసార్లు ఒక సెట్టు, మొత్తం నాలుగు సెట్లు. మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. భుజం దాకా ఎత్తడం కుదరని రోజున సంచిని ఛాతీకి హత్తుకుని ముప్పై అడుగులు నడవండి. ఊపిరి తీసుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. పొట్ట కండరాలకు వేరే వ్యాయామం అడగరు.

నీళ్ల డబ్బాతో నడక

ప్రతి ఇంటికీ వచ్చే 20 లీటర్ల నీళ్ల డబ్బా అంటే 20 కిలోలు, డబ్బా బరువు అదనం. పిడి ఉన్న డబ్బా తీసుకోండి. పక్కన నిలబడి, మోకాళ్లు వంచి ఒక చేత్తో ఎత్తండి. అపార్ట్‌మెంట్ కింద బండ్లు నిలిపేచోట ఒక చివరి నుంచి ఇంకో చివరికి, సుమారు 20 మీటర్లు, చిన్న అడుగులతో నడవండి. చేయి మార్చి తిరిగి రండి. ఇది ఒక సెట్టు. అలాంటివి నాలుగు.

చేయవలసిందల్లా వంగకుండా ఉండడం. డబ్బా కుడి చేతిలో ఉంటే ఒళ్లు ఎడమకు వాలాలని చూస్తుంది, ఎడమ చేయి రెక్కలా లేస్తుంది. రెండింటినీ ఆపండి. కొత్తవారు సగం నీళ్లతో మొదలుపెట్టవచ్చు, కానీ సగం డబ్బాలో నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి, కాబట్టి బరువు తగ్గినా పని అనుకున్నంత తగ్గదు. 20 కిలోలు తేలికయ్యాక జిమ్‌లోని బరువైన డంబెల్‌కు మారండి. రెండు చేతులా బరువు మోయడం కూడా మంచిదే, పట్టుకు ఇంకా మంచిది. కానీ నడుముకు పక్కల ఉండే కండరాలకు పని చెప్పేది ఒంటిచేతి మోతే.

నేల మీద నుంచి లేవడం

టర్కిష్ గెటప్ అని పేరు. బరువును తల పైకి చేయి చాచి పట్టుకుని, వెల్లకిలా పడుకున్న స్థితి నుంచి పూర్తిగా నిలబడడం, మళ్లీ అదే దారిలో పడుకోవడం. ఇక్కడ తొందరపడేవారికి ఏమీ దొరకదు. మొదటి వారం బరువే వద్దు. పిడికిలి బిగించి దాని మీద ఒక చెప్పు నిలబెట్టుకోండి. చెప్పు పడకుండా లేచి, పడుకోగలిగితే రెండో వారం 2 కిలోల డంబెల్ తీసుకోండి. కుడి చేతితో చేసే వరుస ఇది:

1. కుడి పక్కకు తిరిగి పడుకుని, బరువును రెండు చేతులతో పట్టుకుని, వెల్లకిలా తిరగండి. రెండు చేతుల సాయంతో పైకి నెట్టి, కుడి చేతిలో నిటారుగా నిలపండి. కుడి మోకాలు మడిచి పాదం నేలకు ఆన్చండి. ఎడమ కాలు, ఎడమ చేయి కాస్త పక్కకు చాపి ఉంచండి.
2. చూపు పిడికిలి మీదే. కుడి పాదంతో నేలను నెడుతూ ఎడమ మోచేతి మీదికి లేవండి.
3. మోచేతి నుంచి అరచేతి మీదికి. ఎడమ చేయి నిటారు కావాలి.
4. తుంటిని పైకి ఎత్తి, ఎడమ కాలిని ఒంటి కింద నుంచి వెనక్కి లాగి, మోకాలును నేల మీద పెట్టండి. అందరూ తడబడేది ఇక్కడే. తుంటి చాలినంత లేవకపోతే కాలికి దారి ఉండదు.
5. అరచేయి నేల నుంచి తీసి నడుము నిటారు చేయండి. ఒక మోకాలు నేల మీద, ఒక పాదం ముందు. ఇప్పుడు చూపు ఎదురుగా.
6. లేచి నిలబడండి. ఊపిరి తీసుకుని, వచ్చిన దారినే ఒక్కొక్క మెట్టూ దిగండి.

ఒకసారి లేచి పడుకోవడానికి అర నిమిషానికి పైగా పట్టాలి. ఒక్కో వైపు రెండుసార్లు చాలు. తల మీద బరువు ఉంది కనుక ఒంటరిగా గదిలో భారీ డంబెల్‌తో ప్రయోగాలు వద్దు. ఏ మెట్టులోనైనా అదుపు తప్పితే బరువును ముఖానికి దూరంగా, పక్కకు వదిలేయండి.

జెఫర్సన్ డెడ్‌లిఫ్ట్

రాడ్డును అడ్డంగా కాకుండా కాళ్ల మధ్య నుంచి పోనిస్తారు. ఒక పాదం దానికి ముందు, ఒకటి వెనుక. ఒక చేయి ఒంటి ముందు, ఇంకోటి వెనుక. కూర్చున్నట్టు దిగి, చేతులు నిటారుగా ఉంచి లేవాలి. ముందు పాదం ఎదురుగా, వెనుక పాదం పక్కకు తిరిగి ఉంటే మోకాళ్లు మెలి తిరగవు. మామూలు డెడ్‌లిఫ్ట్ బరువులో మూడో వంతుతో మొదలుపెట్టి, ప్రతి సెట్టుకూ పాదాలు మార్చండి. ఒళ్లు రాడ్డు వైపు తిరిగిపోకుండా ఆపుకోవడమే ఇందులో కసరత్తు. పొట్టి కాళ్లవారికి, ఎంత పైకి లేస్తే రాడ్డు ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఖాళీ రాడ్డుతో ముందే చూసుకోండి.

సిమెంటు గద

పాతకాలపు వ్యాయామశాలలైన తాలీంఖానాల్లో దండీలు, బస్కీలతో పాటు గద తిప్పడం ఉండేది. ఇప్పుడు అదే గద విదేశీ పేరుతో, విదేశీ ధరతో అమ్ముతున్నారు. ఇంట్లో చేసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. కాంక్రీటు లీటరు సుమారు 2.4 కిలోలు తూగుతుంది. 15 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న ప్లాస్టిక్ బంతిలో పోస్తే 4 కిలోల పైచిలుకు గుండు వస్తుంది, మొదటి గదకు అంతే కావాలి. ఫుట్‌బాల్ వాడితే 13 కిలోలు దాటుతుంది, దాని జోలికి ఇప్పుడే పోవద్దు.

మీటరు పొడవున్న గట్టి వెదురు కర్ర తీసుకోండి. బంతి లోపలికి వెళ్లే చివరన రెండు మూడు పొడవాటి మేకులు అడ్డంగా దిగగొట్టండి. కాంక్రీటు పట్టు నిలిచేది వాటి వల్లే, లేకపోతే ఒకనాడు కర్ర చేతిలో, గుండు ఇంకెక్కడో. బంతికి పైన రంధ్రం చేసి, సన్న కంకరతో కలిపిన కాంక్రీటు నింపి, కర్ర దించి, నిటారుగా కట్టి ఉంచండి. మర్నాడు ప్లాస్టిక్ కోసేసి, వారం రోజులు తడి గోనెపట్టా చుట్టి తడుపుతూ ఉండండి. పూర్తి బలం రావడానికి 28 రోజులు.

తిప్పేటప్పుడు చుట్టూ రెండు మీటర్ల ఖాళీ ఉండాలి, పైన ఫ్యాను ఉండకూడదు. గదను ఛాతీ ముందు నిటారుగా పట్టుకోండి, చేతులు ఒకదాని మీద ఒకటి. భుజం మీదుగా వెనక్కి వదిలి, గుండు వీపు వెనుక లోలకంలా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊగనిచ్చి, రెండో భుజం మీదుగా ముందుకు లాగండి. ముందు వారం పాటు వెనుక ఊపు మాత్రమే సాధన చేయండి. వీపు విల్లులా వంగితే గద బరువు ఎక్కువైనట్టే. ఒక్కో వైపు ఎనిమిది చొప్పున రెండు సెట్లు.

వద్దనేవి

బంతి మీదో, ఊగే పలక మీదో నిలబడి రాడ్డు ఎత్తడం వద్దు. జారితే బరువూ మీరూ కలిసే పడతారు, లాభమేమో తక్కువ బరువుకే పరిమితం. రాడ్డును మెడ వెనుక నుంచి తల పైకి నెట్టే ప్రెస్ అందరి భుజాలకూ సరిపడదు. ఇక షాపుల పైన రెండో అంతస్తులో నడిచే జిమ్‌లో బరువులు కింద పడేసే వ్యాయామం ఏదైనా యజమానిని అడిగే చేయండి. కిందివారి సీలింగు మీ సెట్ల లెక్కలోకి రాదు.

వారంలో ఎక్కడ పెట్టాలి

వారానికి మూడు రోజులు వెళ్లేవారు స్క్వాట్ రోజున స్క్వాట్‌ను మూడు సెట్లకు తగ్గించి, లెగ్ ప్రెస్ (యంత్రం మీద కాళ్లతో బరువు నెట్టడం) తీసేసి, జెర్చర్ చేర్చండి. బెంచ్ రోజు చివర గెటప్, లేదా గద. డెడ్‌లిఫ్ట్ రోజు చివర నీళ్ల డబ్బా నడక. ఇసుక సంచి నడుమును బాగా అలిసేలా చేస్తుంది. దాన్ని డెడ్‌లిఫ్ట్‌కు ముందురోజు పెట్టకండి, ఆదివారం ఉదయం విడిగా చేసుకోండి. ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెట్టడం కాదు. రెండేసి వారాలకు ఒకటి.

ఏప్రిల్, మే నెలల్లో డాబా మీది పనులు ఉదయం ఏడు దాటకుండా ముగించండి. ఇక్కడి ఎండలు 42 డిగ్రీలు దాటే రోజుల్లో ఇసుక సంచి సాయంత్రం ఆరింటికి కూడా వేడిగానే ఉంటుంది. ఆ రెండు నెలలు సెట్ల సంఖ్య సగం చేసినా నష్టం లేదు.

నోటు పుస్తకంలో బరువు, సెట్లతో పాటు ఏ వైపు బలహీనంగా ఉందో కూడా రాయండి. చాలామందికి గెటప్‌లో ఎడమ చేయి, డబ్బా నడకలో కుడి నడుము, ఇలా ఏదో ఒకటి బయటపడుతుంది. ఆ వైపు ముందుగా చేయండి, రెండో వైపు దానికి మించి చేయవద్దు. ఆరు వారాలయ్యాక జెర్చర్‌ను తీసి జెఫర్సన్ పెట్టండి, మామూలు స్క్వాట్ బరువును ఒకసారి పరీక్షించి చూసుకోండి. పెరిగితే జెర్చర్‌ను మూడు నెలల తర్వాత మళ్లీ తేండి. పెరగకపోతే లోటు కాళ్లలో లేదు. తిండి, నిద్ర ఎలా ఉన్నాయో చూడండి.